గుడ్ ఫ్రైడే నాటి రెండో మాట

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మా చర్చిలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడతారు. అందులో రెండోది, పక్క సిలువ మీది దొంగకు పరదైసు అనే స్వర్గంలో చోటిచ్చిన మాట, మా ఇంటిది. ముత్తాత మాట్లాడారు, తాత మాట్లాడారు, నాన్న మాట్లాడారు, నాన్న పోయాక నేను మాట్లాడుతూ వచ్చాను. మేము పాస్టర్లం కాము. రేవులో ఓడల నుంచి సరుకు దింపించే కాంట్రాక్టర్లం. వన్ టౌన్‌లోని ఆ రాతి చర్చికి నేల ఇచ్చినప్పుడు మా ముత్తాత గోడ మీద తన పేరు చెక్కించమని అడగలేదట. ఏడాదికొకసారి ఈ ఒక్క మాట చెప్పే గౌరవం అడిగారట. మా ఇంట్లో అలా చెప్పుకుంటారు, నేను నమ్ముతాను.

మా ఆవిడ నమ్మదు. "మీ ముత్తాత నేల ఇచ్చాడు, బాగానే ఉంది. మాట ఇచ్చింది ప్రభువు. అది మీ ఆస్తి ఎలా అయింది?" అంటుంది.

ఇప్పుడు మాకు కాంట్రాక్టులు లేవు. రేవులోకి పెద్ద యంత్రాలు వచ్చాయి, మా చిన్నతాతలు కోర్టుకెక్కారు, రెండూ కలిసి ఇంటిని మింగేశాయి. మా పెద్దిల్లు ఇవాళ ప్లాస్టిక్ సామాన్ల గోడౌను. దానికి ఎదురుగా, మేడ మీద రెండు గదుల వాటాలో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. ఇంకో పేటలో చూసుకోవచ్చు కదా అని బంధువులు అన్నారు. పారిపోయినట్టుంటుందని నేను కదల్లేదు. ఓ షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో ఉత్తరాలు రాసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఆదివారం చర్చికి ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా మీద కోటు వేసుకునే వెళ్తాను.

ఉత్తరాలు రాసే ఆ చెయ్యి వల్లే సంఘాల సహవాసం వాళ్ళు నన్ను కార్యదర్శిగా పెట్టుకున్నారు. సంఘం అంటే మా భాషలో ఒక చర్చికి చేరిన విశ్వాసులంతా. నగరంలో రకరకాల సంఘాలున్నాయి. రాతి చర్చిలున్నవి కొన్ని, అద్దె హాళ్ళలో నడిచేవి కొన్ని, కూర్మన్నపాలెం నుంచి పరవాడ అవతలి పల్లెల దాకా రేకుల షెడ్లలో నడిచేవి ఎన్నో. కొందరు చప్పట్లు కొట్టి పాడతారు, కొందరు చేతులు కట్టుకుని పాడతారు. కొందరు నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు, కొందరు తల మీద చిలకరిస్తారు. వీళ్ళందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టేది ఈ సహవాసం. ఆదివారం పాస్టర్లకు పని దినం గనుక నెలకో సోమవారం కలుస్తారు. టీ, ఉప్మా, ప్రార్థన, తర్వాత పని. ఎక్కడా రాసిలేని నియమం ఒకటుంది. ఆ గదిలో బాప్తిస్మం నీళ్ళ ఊసు ఎత్తకూడదు. ఎత్తితే ఉప్మా చల్లారిపోతుంది, సహవాసం కూడా.

మొదట్లో నాకు వాళ్ళంటే చిన్నచూపే. కీబోర్డు, మైకు, రేకుల షెడ్డు. మా తాత చూస్తే ఏమనేవారో అనుకునేవాణ్ణి. ఒక కంపెనీలో పనిచేసే కాంట్రాక్టు కూలీ ప్రమాదంలో పోయినప్పుడు నేను వాళ్ళతో ఆస్పత్రికి వెళ్ళాను. శవం చేతికి వచ్చేదాకా వేరువేరు సంఘాల పాస్టర్లు మార్చురీ గేటు దగ్గర ఎండలో నిలబడే ఉన్నారు. పోయిన మనిషి వాళ్ళలో ఎవరి సంఘస్థుడూ కాదు, అసలు క్రైస్తవుడే కాదు. ఎవరో ఒకరు అన్నం పొట్లాలు తెచ్చారు, ఒకరు అతని భార్య చేత ఫిర్యాదు రాయించమని నన్ను పిలిచారు. ఆ రోజు నుంచి నా చిన్నచూపు చాలావరకు తగ్గింది. ఒక్క సంఘం ఆఫీసుకు వెళ్తే గుమాస్తా తలెత్తి చూడడు. అన్ని సంఘాల తరఫున వెళ్తే అధికారి పేరు అడుగుతాడు. ఈ తేడా ఎంతటిదో, ఒకప్పుడు పేరున్న ఇంట్లో పుట్టిన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

సహవాసం ఏటా పల్లె పాస్టర్లకు తరగతులు పెడుతుంది. సంఘం లెక్కలు ఎలా రాయాలి, కొట్లాడుకున్న కుటుంబాలను ఎలా కూర్చోబెట్టాలి, ప్రసంగం ఎక్కడ ఆపాలి అని నేర్పుతారు. అర్జీ రాయడం నేర్పేది నేను. ఓసారి ఆ తరగతిలో మగవాళ్ళ మధ్య ఒక్క ఆడమనిషి కూర్చుంది. నూలు చీర, భుజం మీద బట్ట సంచి. పరవాడ అవతల ఒక ఊళ్ళో రేకుల షెడ్డు సంఘం పెట్టిన పాస్టరు భార్య. ఆయన పగలు కంపెనీలో కాంట్రాక్టు పని చేస్తూ సాయంత్రాలు సంఘం నడిపేవాడు. ఆయన చనిపోయాక ఆవిడే నడుపుతోంది. మావాళ్ళు పాస్టర్ని అయ్యగారు అని, ఆయన భార్యని అమ్మగారు అని పిలుస్తారు. అయ్యగారు లేకపోయినా ఆవిడ అమ్మగారుగానే మిగిలింది. దాని వెనక కష్టం ఉంది.

భర్త పోయిన రోజు పాతిపెట్టడానికి ఆ సంఘం వాళ్ళు శవాన్ని మూడు ఊళ్ళు తిప్పారు. ఎక్కడా చోటు దొరకలేదు. చివరికి సహవాసం వాళ్ళు వెళ్ళి బతిమాలి ఒక దిబ్బ పక్కన పూడ్పించారు. అప్పటి నుంచి ఆ సంఘం వాళ్ళు సమాధులకు కాస్త నేల అడుగుతున్నారు. అర్జీ నేనే రాశాను. "మీ సంఘానికి కాపరి, అంటే పాస్టరు ఎవరు?" అని తహసీల్దారు ఆఫీసులో అడిగారు. అమ్మగారు తనే అంది. అక్కడున్నవాళ్ళు ముఖాలు చూసుకున్నారట. అదే సమయంలో నగరం నుంచి మినిస్ట్రీ అని చెప్పుకునే ఒక పెద్ద సువార్త సంస్థ వాళ్ళు కీబోర్డు వాయించే కుర్రపాస్టర్ని పంపి, మీ సంఘాన్ని మాలో కలుపుకుంటాం, మంచి హాలు కడతాం అంటున్నారు. ఆవిడ మనుషుల్లో సగం మంది అటు చూస్తున్నారు. ఆడమనిషి కాపరి అయితే నలుగురిలో ఒప్పుకుంటారా అన్నది వాళ్ళ సందేహం. సహవాసం పెద్దలు ఒప్పుకుంటే మేమూ ఒప్పుకుంటాం అన్నారు.

పాస్టర్లకు పట్టా ఇచ్చే అధికారం సహవాసానికి లేదు. కానీ నగరంలో అందరికీ తెలిసిన మర్యాద ఒకటుంది. అన్ని సంఘాలు కలిసి చేసే గుడ్ ఫ్రైడే ఐక్య ఆరాధనలో పుల్పిట్టు, అంటే ప్రసంగ వేదిక, ఎక్కి ఏడు మాటల్లో ఒకటి చెప్పినవారు కాపరి కిందే లెక్క. ఆ తర్వాత వాళ్ళను పెళ్ళిళ్ళకు పిలుస్తారు, అర్జీల మీద వాళ్ళ సంతకం అడుగుతారు, ఇక ఎవరూ ప్రశ్నించరు.

అప్పటిదాకా వేరే చోట జరిగే ఐక్య ఆరాధనను ఆ ఏడు మొదటిసారి మా చర్చి ఆరాధనతో కలిపి మా రాతి చర్చిలో పెట్టారు. అధ్యక్షుడు కూర్మన్నపాలెం అయ్యగారు. స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ రొదలో అరిచి అరిచి ఆయన గొంతుకు మైకు అక్కర్లేకుండా పోయింది. నన్ను దొరగారూ అంటాడు. అది గౌరవమో ఎకసెక్కమో నేనెప్పుడూ తేల్చుకోలేదు. ఏ మాట ఏ సంఘానికో చీటీలు వేసి తీయడం సహవాసం ఆచారం. చీటీలన్నీ వెల్వెట్ కానుక సంచిలో వేస్తారు.

ఆయన సంచి పట్టుకుని నా వైపు చూశాడు. "ఏటి దొరగారూ, మీ రెండో మాట గూడా ఇందులో ఎయ్యమంటారా, పక్కనెట్టమంటారా?"

పక్కన పెట్టమంటే పెట్టేవారే. కానీ మా ఇంటి గౌరవాన్ని ఆ గదిలో అడిగి తీసుకోవడం నా వల్ల కాలేదు. వెయ్యండి అన్నాను.

రెండో మాట పరవాడ అవతలి రేకుల షెడ్డు సంఘానికి పడింది. అమ్మగారూ, మీ తరఫున ఎవర్ని పంపుతారు అని అధ్యక్షుడు అడిగాడు. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని, "ఎవుల్నో పంపడవేటండి, నానే సెప్తాను," అంది.

ఒకాయన చెంచా కింద పెట్టి, రాతి చర్చి పుల్పిట్టు మీదకు ఇంతవరకు ఆడవాళ్ళు ఎక్కలేదన్నాడు. అది నిజమే. మరొకాయన ఆడవాళ్ళ కూటాలు వేరే ఉన్నాయి కదా అన్నాడు, అలాగైతే తన సంఘం రాదన్నాడు. అధ్యక్షుడు చెడ్డవాడు కాడు. ఆయన సంఘంలో సగం పని ఆయన భార్యే చేస్తుంది. కానీ ఎన్నో ఏళ్ళు బతిమాలి కూడగట్టిన సహవాసం ఒక్క మధ్యాహ్నంలో చీలిపోతుందేమోనని ఆయన భయం. ఆలోచించి మధ్యేమార్గం చెప్పాడు. మాట అమ్మగారి సంఘానిదే, వాళ్ళ పేరు మీదే చదువుతాం, మాట్లాడేది మాత్రం దొరగారు. ఎలాగూ వాళ్ళింటి మాటే కదా.

అందరి ముఖాలూ తేటపడ్డాయి. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది నాకు. అమ్మగారు నా వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. ఈయన ఏం చేస్తాడో చూద్దామన్న చూపు.

"మా ఇంట్లో ఒకరి విస్తట్లో వడ్డించింది ఇంకొకరు లాక్కుని తినరండి," అన్నాను. "చీటీ ఆవిడకు పడింది. ఆవిడే మాట్లాడాలి."

ఆడవాళ్ళ హక్కుల గురించి నేను ఆ క్షణాన ఆలోచించానని చెప్పను. మా మాటను ఇంకొకరి పేరు మీద అరువు తెచ్చుకుని చెప్పడం నాకు నచ్చలేదు. నేల ఇచ్చిన ఇంటివాడు, మాట వదులుకున్నవాడు అలా అన్నాక వాదించే నోరు ఎవరికి ఉంటుంది? ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "మీ బిగువు ఇన్నాళ్ళకు ఒకరికి పనికొచ్చింది," అంది.

గుడ్ ఫ్రైడే రోజు పదకొండు దాటేసరికే కోటు కింద చొక్కా తడిసిపోయింది. చర్చి నిండింది. రానన్న సంఘం కూడా వచ్చి వెనక బెంచీల్లో కూర్చుంది. అమ్మగారి మనుషులు ఒక వ్యాను నిండా వచ్చారు. వాళ్ళలో కొందరు కంపెనీ చొక్కాలు వేసుకుని ఉండడం నాకు వింతగా తోచింది. మెట్ల మీద ఆవిడే చెప్పింది, వాళ్ళకు రెండింటికి బి షిఫ్టు అని. ఒంటిగంట కాకముందే వ్యాను కదలాలి.

ఇవాళ సెలవు కదా అన్నాను.

"సెలవు పర్మినెంటోళ్ళకి బాబూ. కాంట్రాక్టోళ్ళకేటి?"

నాకది తట్టనేలేదు. రేవు కూలీలకు పని ఇచ్చిన ఇంట్లో పుట్టి, పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన అని కార్డులు వేయించాను. ముందే చెప్పాలి కదమ్మా అన్నాను.

"పెబువు సిలువ మీదున్న టయం అదే గదా. నానేటి మార్సమంతాను?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆళ్ళు సూడకుండా నాను మాటాడితే మాటాడినట్టు కాదు బాబూ. రేపు ఊర్లో ఏటంతారు? మనల్ని తీసుకెళ్ళి కూకోబెట్టినారు, ఆవిణ్ణి పైకెక్కనియ్యలేదు అంతారు. ఆ కీబోర్డాయన కాసుకుని ఉన్నాడు."

మొదటి మాట అధ్యక్షుడిది. వెళ్ళి ఆయనకు సంగతి చెప్పాను. కంగారు పడకండి, ఇరవై నిమిషాల్లో దిగిపోతాను అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఎక్కాక ఆయన వేరు. తనను కొట్టినవారిని క్షమించమని ప్రభువు తండ్రిని అడిగిన మాట అది. ఆయన కొలిమి దగ్గర తనను తిట్టిన ఇంజనీర్ని క్షమించిన కథ చెప్పాడు, అన్నదమ్ముల కథ చెప్పాడు, జనం కళ్ళు తుడుచుకుంటుంటే మరో కథ ఎత్తుకున్నాడు. నా ముందు బల్ల మీద చిన్న గంట ఉంది. ఒకసారి కొట్టాను. ఆయన నవ్వి, దొరగారు గంట కొడుతున్నారు, ఇంకొక్క మాట అన్నాడు. ఆ ఒక్క మాటలోంచి మూడు పుట్టాయి. మళ్ళీ కొట్టాను. ఆయనకు వినిపించలేదు.

పక్క వాకిట్లో వ్యాను డ్రైవరు నిలబడి చెయ్యి చూపిస్తున్నాడు. కంపెనీ చొక్కాలవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఒక ముసలాయన లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. పుల్పిట్టు మెట్ల పక్కన అమ్మగారు సంచి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉంది.

మా చర్చిలో పాతకాలపు ఆచారం ఒకటుంది. మా తాత రోజుల్లో ఆరాధన మధ్యలో ఓడ వచ్చిందని కబురొస్తే సరుకు దింపే కళాసీలు వెళ్ళక తప్పేది కాదు. ప్రసంగిస్తున్న తెల్లదొర పాదిరీని ఆపమనడం మర్యాద కాదు. అందుకని తాత లేచి, పుల్పిట్టు కేసి తిరిగి, ఏమీ అనకుండా నిటారుగా నిలబడేవారట. పెద్ద లేచాడంటే ముగింపు ప్రార్థన అని గుర్తు. జనమంతా లేచేవారు. నాన్న హయాంలో కూడా నేను ఒకటి రెండుసార్లు చూశాను. ఆ తర్వాత ఎవరికీ అవసరం పడలేదు.

నేను లేచాను. కోటు బొత్తాం పెట్టుకుని, నడవ మధ్యకు వచ్చి, ఆయనకెదురుగా నిలబడ్డాను.

ముందు మా ఆవిడ లేచింది. తర్వాత మా చర్చి ముసలివాళ్ళు, వాళ్ళను చూసి వాళ్ళ పిల్లలు. కొత్త సంఘాల వాళ్ళకు ఏమీ తెలియదు, కానీ ముందు వరుసలు లేచాయి గనుక వెనకవాళ్ళూ లేచారు. చర్చి అంతా నిలబడి తలలు వంచింది. అధ్యక్షుడు కథ మధ్యలో ఆగాడు. జనాన్ని చూశాడు, నన్ను చూశాడు. ప్రార్థన తప్ప ఆయనకు దారి లేదు. చేశాడు, చిన్నదే చేశాడు. దిగుతూ నా పక్కనుంచి వెళ్తూ, "నన్ను ఆపడానికి ఊరంతా లేపేసినారు గదా దొరగారూ. కొలిమి సైరన్ గూడా నన్నింత బేగి ఆపలేదు," అన్నాడు. ఆ గొంతుకు గుసగుస తెలియదు గనుక నాలుగు వరుసలకు వినిపించింది. నవ్వులు లేచాయి. ఆయనా నవ్వాడు.

అమ్మగారు ఎక్కింది. మైకు ఆవిడ తల కన్నా ఎత్తున ఉంది. దాన్ని వంచడం చేతకాక వదిలేసి, అలాగే మొదలుపెట్టింది. పక్క సిలువ మీది దొంగ గురించి మా తాతముత్తాతలు చెప్పినవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆవిడ వాటిలో ఒక్కటీ చెప్పలేదు.

"ఆ దొంగకి బాప్తీసం ఎవులిచ్చినారు?" అని అడిగింది. "ముంచినారా? జల్లినారా?"

సహవాసం పుట్టాక ఎవరూ ఎత్తని ఊసు. పాస్టర్లందరూ బెంచీల మీద సర్దుకున్నారు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"నువ్వు ఏ సంఘమోడివని పెబువు అడిగినాడా? మీ పెద్దల సంతకం ఉందా అన్నాడా? నన్ను గేపకం ఎట్టుకో అన్నాడు, సోటిచ్చేసినాడు." తన మనుషుల వైపు తిరిగింది. "మాయన పోయిన నాడు మూడూర్లు తిప్పినాం. ఎవులూ సోటివ్వలేదు. పరదైసులో ఉందిలే అని నాను ఏడుపాపుకున్నాను. కానీ బాబూ, మనిసికి మట్టి గూడా కావాల."

అంతే. ఆమెన్ అని దిగింది. మా ఇంట్లో ఎవరూ అంత తక్కువ మాట్లాడలేదు.

మూడో మాటకు ముందు పాట మొదలైంది. వ్యాను మనుషులు లేచారు. నేరుగా వాకిట్లోకి వెళ్తారనుకున్నాను. వాళ్ళు ముందుకొచ్చారు. షిఫ్టుకు వెళ్ళేముందు కాపరి ముందు తల వంచి ప్రార్థన చేయించుకోవడం ఆ సంఘం అలవాటట, ఆమె భర్త ఉన్నప్పుడు. ఆయన పోయాక మానేశారు. ఆ కంపెనీ చొక్కాలవాళ్ళు పుల్పిట్టు మెట్ల దగ్గర ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ముందు ఆ ముసలాయనే తల వంచాడు. ఆవిడ మొదట తెల్లబోయింది. తర్వాత సంచి కింద పెట్టి, ఆయన తల మీద చెయ్యి పెట్టింది. పాట రెండో చరణం నడుస్తుండగా ఒక్కొక్కర్నీ పనికి పంపింది. దారికి అడ్డంగా కూర్చున్న అధ్యక్షుడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. వ్యాను ఆలస్యంగానే వెళ్ళింది. కంపెనీ గేటు దగ్గర మాట పడ్డారని తర్వాత తెలిసింది.

ఈస్టరు అయ్యాక ఒక పని దినాన సమాధుల నేల గురించి మళ్ళీ తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళాం. అధ్యక్షుడు, నేను, రానన్న సంఘం పాస్టరు, అమ్మగారు. మేజా ముందు ఒకే ఒక కుర్చీ ఖాళీగా ఉంది. తహసీల్దారు కాగితాల మీంచి తలెత్తి, "ఆ సంఘం పాస్టరు గారెవరు? కూర్చోండి," అన్నాడు.

అధ్యక్షుడు కుర్చీ వీపు పట్టుకుని ఆవిడ వైపు లాగాడు. "మా కాపరి ఈవిడేనండి."

ఆవిడ అంచు మీద కూర్చుంది. మేం ముగ్గురం వెనక నిలబడ్డాం. సర్వేయర్ని పంపిస్తాను, నేల దొరుకుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను అన్నాడు తహసీల్దారు. అయితే ఏ రోజు పంపిస్తారో చెప్పండి బాబూ, నాను ఊర్లో ఉంటాను అని ఆవిడ అడుగుతోంది.